పక్షవాతానికి సూదిపోటు: వాట్సాప్ సందేశంలోని ఒక్కో మాటకూ జవాబు

పక్షవాతం వచ్చిన మనిషిని ఉన్నచోటి నుంచి కదిలించకూడదనీ, సూదితో పది వేళ్ల కొనలనూ గుచ్చి రక్తం తీయాలనీ, మూతి వంకర పోతే చెవి తమ్మెలనూ గుచ్చాలనీ, తేరుకున్నాకే ఆసుపత్రికి తీసుకెళ్లాలనీ చెప్పే సందేశం ఏళ్ల తరబడి వాట్సాప్‌లో తిరుగుతోంది. ఇందులో ఒక్క సూచన కూడా సరైనది కాదు.

మొదట వేళ్ల సంగతి. చెయ్యి పడిపోయిందంటే లోపం చేతిలో ఉన్నట్టు కాదు. కదలమనే ఆజ్ఞ మెదడు పైపొరలో పుట్టి, మెదడు అడుగున వెన్నుపాముతో కలిసే మజ్జాముఖం దగ్గర చాలావరకు ఎదుటి పక్కకు దాటి, వెన్నుపాములోకి దిగుతుంది; అక్కడి నుంచి చాలక నాడి (కండరాలను కదిలించే నాడి) దాన్ని సెకనుకు సుమారు 50 మీటర్ల వేగంతో కండరం దాకా మోసి, కొసన ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని వదిలితే కండరం ముడుచుకుంటుంది. మెదడులో ఎడమవైపు దెబ్బతింటే కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయేది అందుకే. పక్షవాతం వచ్చిన ఆ వేళ చేతిలోని చాలక నాడీ, కండరమూ బాగానే ఉంటాయి. రక్తపు గడ్డ అడ్డుపడి రక్తనాళం మూసుకుపోయో, చిట్లిపోయో మెదడులోని కణాలు చనిపోతుంటాయి. వేలిని గుచ్చితే ఆ నొప్పిని పైకి చేరవేసేవి జ్ఞాన నాడులు. ఆ నొప్పి మెదడులోని గడ్డను కరిగించదు, కారిన నాలుగు చుక్కల రక్తం తలలోని ఒత్తిడిని తగ్గించదు.

చెవి తమ్మెల మాటా అంతే. ముఖ కండరాలను కదిలించే నాడి మెదడు కాండంలో బయలుదేరి, చెవి కింద ఎముకలోంచి బయటికి వచ్చి ముఖమంతా పరుచుకుంటుంది. తమ్మెలోని రక్తానికి ఆ పనిలో పాత్ర లేదు.

“గుచ్చగానే మా నాన్నకు తగ్గింది” అని నమ్మకంగా చెప్పేవారు ఉన్నారు, వారు అబద్ధమాడటం లేదు. కొందరిలో గడ్డ తనంతట తానే కరిగి, లక్షణాలు చాలాసార్లు గంటలోపే పోతాయి. సూది లేకపోయినా అవి తగ్గేవే. అయితే ఆ వెంటనే వచ్చే రోజుల్లో పెద్ద పక్షవాతం వచ్చే ముప్పు బాగా ఎక్కువ కనుక, తగ్గిపోయినా అదే రోజు వైద్యుడికి చూపించాలి.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది కదిలించవద్దనే మాట. ప్రయాణపు కుదుపులకు మెదడులోని సన్నని రక్తనాళాలు పగిలిపోతాయన్న భయానికి ఆధారం లేదు. పెద్ద రక్తనాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని అంచనా. గడ్డను కరిగించే మందును సాధారణంగా లక్షణాలు మొదలైన 4.5 గంటల్లోపే ఇవ్వాలి. మూతి వంకర, చెయ్యి పడిపోవడం, మాట తడబడటం, వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేసి, లక్షణం మొదలైన సమయం రాసిపెట్టుకుని, సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మింగడం కష్టమై ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు కనుక ఏమీ తినిపించకూడదు, తాగించకూడదు. ఆస్పిరిన్ కూడా ఇవ్వకూడదు: మెదడులో ఉన్నది గడ్డో, రక్తస్రావమో స్కాన్ చూసేదాకా చెప్పలేం.