ఏ భాషలో రాస్తే ఆ దేశానికే చెందుతారా?

అల్మా కార్లిన్ యాత్రికురాలే తప్ప మానవ శాస్త్రవేత్త కాదని వాదించేవారు ఇప్పటికీ ఉన్నారు. విశ్వవిద్యాలయ పట్టా లేదు, ఆచార్య పదవి లేదు, సిద్ధాంతం పేరుతో ఒక గ్రంథమూ లేదు అంటారు. నిజమే, లేవు. కానీ స్లొవేనియా ఆమెను దశాబ్దాల పాటు మరుగున పెట్టడానికి పట్టాతో సంబంధం లేదు. ఆమె జర్మన్‌లో రాశారు. అసలు నేరం అదే.

జీవితకథ క్లుప్తంగా చెప్పుకుందాం. 1889లో, అప్పటి ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలోని, నేటి స్లొవేనియాలోని త్సెల్యే పట్టణంలో పుట్టారు. తల్లిదండ్రులు స్లొవేన్లే అయినా ఇంటి భాష జర్మన్. పుట్టుకతోనే శరీరం ఒక పక్క బలహీనం. లండన్‌లో అనువాదాలు చేసుకుంటూ భాష మీద భాష నేర్చి 1914లో ఎనిమిది భాషల్లో పరీక్షలు నెగ్గారు. యుద్ధం ముగిశాక సొంత ఊళ్లో భాషల బడి నడిపి, 1919 నవంబరులో ఒంటరిగా ప్రపంచం మీదికి బయలుదేరారు. ఇల్లు చేరేసరికి ఎనిమిదేళ్లు గడిచాయి. పెరూ, పనామా, జపాన్, చైనా, ఆస్ట్రేలియా, ఫిజీ, న్యూగినీ, జావా, భారత్... ఆ దారి పొడవు చూస్తేనే కళ్లు తిరుగుతాయి.

నన్ను కట్టిపడేసేది మాత్రం దారి పొడవు కాదు, ఆమె ప్రయాణించిన తీరు. చేతిలో ఎరికా టైపు మిషను. వెనక ఏ సంస్థా లేదు. చేతిలో డబ్బు అయిపోయిన చోట దిగి ఉద్యోగం వెతుక్కోవాలి. పనామాలో దుభాషి పని, టోక్యోలో జర్మన్ రాయబార కార్యాలయంలో కొలువు. పగలు ఆ పని చేసి, మిగిలిన వేళల్లో పత్రికలకు వ్యాసాలు టైపు చేసేవారు. ఆ కాలపు పండితుడు విశ్వవిద్యాలయం సొమ్ముతో, వలస ప్రభుత్వపు అనుమతి పత్రంతో ఊళ్లోకి అడుగుపెట్టేవాడు. స్థానికులు ఆయనకు సమాచారం ఇచ్చేవాళ్లు. కార్లిన్‌కు వాళ్లు ఇంటి యజమానులు, జీతమిచ్చేవాళ్లు, జబ్బు చేస్తే గుక్కెడు నీళ్లు పోయవలసినవాళ్లు. మనుషులను పై నుంచి చూసే వీలు ఆమెకు పేదరికమే మిగల్చలేదు. న్యూగినీ ప్రాంతంలో మలేరియా ఆమెను పీల్చి పిప్పి చేసింది. అయినా నమ్మకాలు, మంత్రతంత్రాలు, చావు పుట్టుకల ఆచారాల గురించి రాస్తూనే ఉన్నారు. తినీ తినక మిగుల్చుకున్న డబ్బుతో వస్తువులు సేకరిస్తూనే ఉన్నారు. అవి నేడు త్సెల్యే మ్యూజియంలో ఉన్నాయి. దీన్ని క్షేత్ర పరిశోధన అనకపోతే మరేమనాలి?

ఆమె రాతల్లో జాతి అహంకారం ఉందన్న విమర్శ గట్టిదే. తెల్లజాతి గొప్పదన్న నమ్మకం, జాత్యంతర వివాహాల పట్ల వ్యతిరేకత ఆ పుటల్లో కనిపిస్తాయి, చదువుతుంటే మనసు చివుక్కుమంటుంది. వాటిని కప్పిపుచ్చకూడదు. అయితే క్షేత్ర పరిశోధనకు ఆద్యుడుగా కొలిచే మలినోవ్‌స్కీ డైరీ 1967లో అచ్చయినప్పుడు తాను అధ్యయనం చేసిన ద్వీపవాసుల మీద ఆయన ఏవగింపు లోకమంతా చూసింది. ఆయనను శాస్త్రం నుంచి ఎవరూ వెలివేయలేదు. ఒకే తప్పుకు రెండు తూకాలు ఎందుకు?

ఆ మలినోవ్‌స్కీ క్రాకోలో పుట్టిన పోలిష్ మనిషి. ప్రధాన గ్రంథాలన్నీ ఇంగ్లిషులో రాశారు. పోలండ్ ఆయనను మావాడని గర్వంగా చెప్పుకుంటుంది. కార్లిన్ జర్మన్‌లో రాస్తే పరాయిదైపోయారు! ఇక్కడే భాషను సరిహద్దు కంచెగా మార్చే జాతీయవాదం నిజస్వరూపం బయటపడుతుంది. 1918లో సామ్రాజ్యం కూలి ఆమె ఊరు మరో రాజ్యంలో కలిసింది. పాలకులు మారినంత మాత్రాన మనిషి ఆలోచించే భాష తెల్లారేసరికి మారుతుందా?

ఆమె విధేయతను శంకించినవారు 1941 వైపు చూడాలి. నాజీలు త్సెల్యేను ఆక్రమించుకున్నారు. జర్మన్‌లో పేరున్న రచయిత్రి, తలవంచితే చాలు, సుఖంగా బతికేవారు. వంచలేదు. అంతకు ముందే హిట్లర్ వ్యతిరేకి అయిన ఒక జర్మన్ పాత్రికేయుడికి ఆశ్రయమిచ్చారు. నాజీలు ఆమెను జైల్లో పెట్టారు. 1944లో, అనారోగ్యంతో ఉండి కూడా, నాజీలతో పోరాడే గెరిల్లాలైన పార్టిజాన్లను చేరారు. వాళ్లూ ఆమెను పూర్తిగా నమ్మలేదు. నాజీలకు లొంగని మనిషి నాజీల భాషలో రాసిందని అనుమానించడం కంటే క్రూరమైన అన్యాయం ఏముంటుంది? యుద్ధం తర్వాత పేదరికంలో, క్యాన్సర్‌తో, 1950 జనవరిలో కన్నుమూశారు. ఆమె పుస్తకాల్లో అధిక భాగం స్లొవేన్ పాఠకులకు చాలా ఆలస్యంగా అందాయి. 1930ల నాటి ఆత్మకథ రాతప్రతి స్లొవేన్ అనువాదంలో అచ్చయింది 2010లో. త్సెల్యేలో ఆమె కంచు విగ్రహం నిలిచిందీ అదే ఏడాది.

కార్లిన్ పోయాక రాతప్రతులు, సేకరణలు చెదలపాలు కాకుండా నిలవడానికి ముఖ్య కారణం థెయా ష్రైబర్ గామెలిన్. కార్లిన్‌తో చివరిదాకా కలిసి బతికిన చిత్రకారిణి. ఆమె జర్మన్ మనిషి. స్వెతినా గ్రామ శ్మశానంలో ఇద్దరి సమాధులూ ఒక్కచోటే ఉన్నాయి.