డయల్ మీది 'ఎం' గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ మాన్యువల్ మోడ్ గారి సముఖమునకు,

కెమెరా నెత్తి మీద తిరిగే డయల్‌పై, అన్నీ కెమెరాయే పెట్టుకునే పచ్చరంగు ఆటోకు ఆమడ దూరాన, అన్నీ మనచేతే పెట్టించుకుంటూ కొలువుదీరిన తమకు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. మీరు కుశలమేనని తెలుసు. మీ పేరు చెప్పుకుని బతికేవాళ్లు మీకన్నా కుశలం. నా బెంగంతా కొత్తగా కెమెరా కొని, ఇంకా ఈఎంఐలు కడుతున్న పిల్లల గురించి. ఈ ఉత్తరం వాళ్ల తరఫునే రాస్తున్నాను.

కెమెరా డబ్బా విప్పిన వారంలోపే వాళ్ల చెవిన ఒక మాట పడుతుంది. "ఆటోలో తీసేవాడు కూడా ఒక ఫొటోగ్రాఫరేనా?" ఈ మాట అన్నది పెళ్లిలో కలిసిన బాబాయి కావచ్చు, ఆదివారం పొద్దున్నే చార్మినార్ దగ్గర మెడలో రెండు కెమెరాలు వేసుకుని తిరిగే సీనియర్ కావచ్చు, వీడియోలో పాఠాలు చెప్పే సారు కావచ్చు. ఆ రోజుతో కుర్రాడు డయల్‌ను మీ వైపు తిప్పేస్తాడు. ఇక వెనక్కి తిప్పాలంటే సిగ్గు. ఎదురుగా కొంగ లేస్తుంది. వీడు చక్రం తిప్పుతుంటాడు. కొంగ కొల్లేరు చేరి చేపను కూడా పట్టేస్తుంది, వీడింకా 1/60 దగ్గరే ఉంటాడు.

ఇంతకీ మీ దర్బారులో జరిగే పనేమిటి? వ్యూఫైండర్ అడుగున చిన్న స్కేలు ఉంటుంది. నడుమ సున్నా, ఒకవైపు ప్లస్, ఇంకోవైపు మైనస్. కుర్రాడు అపెర్చర్ (లెన్సులో వెలుగు దూరే రంధ్రం) మారుస్తాడు, షట్టర్ (వెలుగు ఎంతసేపు పడాలో తేల్చే తలుపు) మారుస్తాడు, ముల్లు సున్నా మీదకు రాగానే క్లిక్ కొట్టి, "మాన్యువల్‌లో తీశా" అని వాట్సాప్‌లో పెడతాడు. ఆ సున్నా ఎక్కడుండాలో చెప్పింది ఎవరండీ? కెమెరాలో వెలుగును కొలిచే మీటరు. ఆటోలోనూ అదే మీటరు, అదే సున్నా. కాకపోతే అక్కడ చిప్పు కన్నుమూసి తెరిచేలోపు చేసే పనిని ఇక్కడ బొటనవేలు తీరిగ్గా చేస్తుంది. ఆఫీసరు వేలు పెట్టి చూపించిన చోట సంతకం చేసి, ఆర్డరు పాస్ చేసింది నేనేనని ఊళ్లో చెప్పుకునే గుమాస్తా ఉద్యోగం ఇది. దీనికి మీరు పెట్టిన పేరు పూర్తి కంట్రోల్!

పైగా ఆ మీటరు ఎంత అమాయకపుదో మీరు బయటపెట్టరు. దానికి తెలిసింది ఒక్కటే, మధ్యరకం బూడిద రంగు. స్టూడియోల్లో వాడే గ్రే కార్డు తన మీద పడ్డ వెలుగులో 18 శాతాన్ని తిప్పికొడుతుంది. లోకాన్నంతా కలిపి కొలిచినా ఇంచుమించు అలాగే తేలుతుందని మీటరు నమ్మకం. రోడ్డు, చెట్లు, నడిచిపోయే జనం అయితే ఆ నమ్మకానికి ఢోకా లేదు.

మా ఇళ్లలో పెళ్లికి రమ్మనండి దాన్ని. పీటల మీద ఇద్దరూ మధుపర్కాలు కట్టుకుని కూర్చున్నారు, ఫ్రేము నిండా తెలుపే. మీటరుకు కంగారు పుడుతుంది. ఇంత వెలుగా, తగ్గించు తగ్గించు అంటుంది. అది చెప్పినట్టు సున్నాలో పెట్టి తీస్తే కొత్త మధుపర్కాలు కాస్తా మాసిపోయి కనిపిస్తాయి. అదే పెరట్లో గేదెను దగ్గరగా తీయండి. అయ్యో చీకటి, పెంచు పెంచు అంటుంది. గేదె వెలిసిపోతుంది. ఇందులో నేర్చుకోవాల్సింది ఒక్క ముక్కే. తెలుపు నిండితే ఒక స్టాప్ (వెలుగును రెట్టింపో సగమో చేసే మెట్టు) అటూ ఇటూగా పైకి, నలుపు నిండితే అంతే కిందికి. ఈ ముక్క తెలిసినవాడు మీ పక్కింటి ఏవీ మోడ్‌లోనే (అపెర్చర్ మనం పెడితే షట్టర్ కెమెరా పెట్టుకుంటుంది) ప్లస్ మైనస్ బటన్ నొక్కి పని ముగించుకుంటాడు. తెలియనివాడు మీ కొలువులో ఏడాది పాటు పడి ఉన్నా మధుపర్కం తెల్లబడదు.

మీ అపెర్చర్ అంకెల మీద కూడా ఫిర్యాదు ఉంది. ఎఫ్ 2 అంటే పెద్ద రంధ్రం, ఎఫ్ 16 అంటే చిన్న రంధ్రం. ఎందుకని అడిగితే, "అదంతే, ఉల్టా అని గుర్తుపెట్టుకో" అంటారు మీ గురువులు. ఉల్టా ఏమీ లేదు. ఫోకల్ లెంగ్త్‌ను (లెన్సు మీద మిల్లీమీటర్లలో రాసి ఉండేది) ఆ అంకెతో భాగిస్తే రంధ్రం వెడల్పు వస్తుంది. 50 మిల్లీమీటర్ల లెన్సుకు ఎఫ్ 2 అంటే 25 మిల్లీమీటర్లు, ఎఫ్ 16 అంటే 3 మిల్లీమీటర్ల చిల్లర. ఐదో తరగతి భాగహారం! 2, 2.8, 4, 5.6, 8, 11, 16 అని ఎక్కంలా వల్లె వేయిస్తారు గానీ, ఒక్కో మెట్టుకు వెలుగు సగమవ్వాలంటే రంధ్రం వైశాల్యం సగమవ్వాలని, అందుకే అంకె రెట్టింపు కాకుండా సుమారు 1.4 రెట్లు పెరుగుతుందని ఒక్క నిమిషం ఆగి చెప్పరు.

షట్టర్ అంకెలది ఇంకో అన్యాయం. సెకనులో 250వ వంతును చాలా కెమెరాలు 250 అని చూపించి ఊరుకుంటాయి. అదే 2 పక్కన రెండు చిన్న గీతలుంటే మాత్రం నిజంగానే రెండు సెకన్లు. ఆ గీతలు నలభై దాటిన కళ్లకు కనపడవు. ఇక మూడో అంకె, ఐఎస్ఓ. అది పెంచితే వెలుగు పెరుగుతుందని సగం ఊరి నమ్మకం. లోపలికి వచ్చిన వెలుగు వచ్చినంతే. దాన్నే పెంచి చూపిస్తారు. వెలుగు తక్కువైన చోట ఇలా పెంచితే గ్రెయిన్స్ (సన్నటి చుక్కలు) కూడా పెరిగి కనిపిస్తాయి. "చీకట్లో కూడా తీశాను, ఐఎస్ఓ 12,800" అని మురిసిపోయే ఫొటోల్లో పెళ్లికూతురి బుగ్గల మీద ఇసుక చల్లినట్టుండటం అందుకే.

ఈ మూడింటినీ కలిపి త్రిభుజం గీసి, మీ ప్రతి పాఠమూ దానితోనే మొదలుపెడతారు. త్రిభుజం తప్పని నేననను. 1/250, ఎఫ్ 4 ఎంత వెలుగో, 1/125, ఎఫ్ 5.6 కూడా అంతే. 1/60, ఎఫ్ 8 కూడా దాదాపు అంతే. మూడు ఫొటోల్లోనూ వెలుగు ఒకటే, ఫొటోలు మాత్రం వేరు. తలంబ్రాలు పోసేటప్పుడు 1/60లో తీస్తే బియ్యం గీతలు గీతలుగా సాగుతుంది. 1/500 దాటించి తీస్తే గింజ గింజా గాల్లో ఆగిపోతుంది. అపెర్చర్ బాగా తెరిస్తే వెనక కూర్చున్న చుట్టాలు కరిగిపోతారు. (కొందరు చుట్టాల విషయంలో ఇది అవసరమే.) మూసేకొద్దీ పెళ్లికొడుకు మేనమామ చేతిలో ఏ కంపెనీ ఫోనుందో కూడా తెలుస్తుంది.

ఫొటో తీసేవాడు నిజంగా తేల్చుకోవాల్సింది ఇదీ. గింజలు ఆగాలా, పారాలా? చుట్టాలు ఉండాలా, పోవాలా? ఇది తేల్చుకున్నాక తమరితో పనేముంది? కరిగించాలంటే ఏవీలో ఎఫ్ 2.8 పెడితే మిగతాది కెమెరా చూసుకుంటుంది. ఆపాలంటే డయల్ మీది టీవీలో (షట్టర్ మనం పెడితే అపెర్చర్ కెమెరా పెట్టుకునే మోడ్) 1/500. కొన్ని కెమెరాల మీద వీటినే ఏ, ఎస్ అని రాస్తారు. రోజంతా చాకిరీ చేసేది ఈ ఇద్దరూ, గ్రూపుల్లో పేరు తమరిది. అంతెందుకు, పక్షుల ఫొటోలు తీసేవాళ్లలో చాలామంది షట్టర్, అపెర్చర్ తాము పెట్టి, ఐఎస్ఓను ఆటోకు వదిలేసి, డయల్ మాత్రం మీ మీద ఉంచుతారు. తమరి సింహాసనం కిందే ఆటో కూర్చుని రాజ్యం నడుపుతోంది. ఈ సంగతి తమరి దాకా వచ్చిందా?

మీకు వంశ ప్రతిష్ఠ ఉందని, పాతకాలపు మహామహులంతా మాన్యువలేనని మీ భక్తులు వాదిస్తారు. మా హైదరాబాద్ సంగతే తీసుకుందాం. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఫొటోలు తీసి, ముసవ్విర్ జంగ్ బిరుదు పొందిన రాజా దీన్‌దయాళ్ కెమెరాకు డయలూ లేదు, మీటరూ లేదు. ఎండ చూసుకుని, ఫిల్ముకు బదులు వాడే గాజు ప్లేటు చూసుకుని, ఎంతసేపు వెలుగు పడాలో ఆయనే తేల్చుకోవాలి. మరో దారి లేదు. "మాన్యువల్‌లోనే తీశారా సార్" అని ఆయన్ని ఎవరూ అడగలేదు. ఫొటో చూశారు, బాగుందన్నారు. మరోవైపు 1888లోనే అమెరికాలో జార్జ్ ఈస్ట్‌మన్ తన కొడాక్ కెమెరాను "మీరు బటన్ నొక్కండి, మిగతాది మేం చూసుకుంటాం" అని అమ్మాడు. 100 ఫొటోలు తీశాక కెమెరాను కెమెరాగానే కంపెనీకి పంపితే, ప్రింట్లు వేసి, కొత్త ఫిల్ము ఎక్కించి తిప్పి పంపేవాళ్లు. అంటే ఆటో వంశం కూడా తక్కువ పాతదేం కాదు. 1978లో షట్టర్‌నూ అపెర్చర్‌నూ తానే పెట్టుకునే ప్రోగ్రామ్ మోడ్‌తో కేనన్ ఏ-1 వచ్చింది. ఇలా పక్కన ఒకరు వచ్చి కూర్చున్నాకే కదా మీకు ఇంత దర్జా?

అలాగని మీతో పనే లేదంటే కళ్లు పోతాయి. చందమామనే చూడండి. ఆటోకు వదిలేస్తే నల్లటి ఆకాశాన్ని చూసి బెంబేలెత్తి, చందమామను తెల్లటి ముద్ద చేసి పెడుతుంది. పున్నమి చంద్రుడంటే నిండా ఎండ పడుతున్న రాయి. ఐఎస్ఓ 100, ఎఫ్ 11, 1/125 అని మీ దగ్గర కచ్చితంగా చెబితే లోపలి మచ్చలన్నీ బయటపడతాయి. దీపావళి తారాజువ్వలకు ట్రైపాడ్, ఐఎస్ఓ 100, ఎఫ్ 8, రెండు మూడు సెకన్లు. అక్కడా మీరే దిక్కు. లాంచీ ఆగినప్పుడు పాపికొండలను ముక్కలు ముక్కలుగా తీసి ఒకటిగా అతకాలంటే, ముక్క ముక్కకూ వెలుగు మారకుండా పట్టి ఉంచేదీ మీరే.

మిమ్మల్ని సరిగ్గా వాడేవాళ్లను చూడాలంటే ముహూర్తం రాత్రి రెండు దాటిన ఏ కల్యాణ మండపానికైనా వెళ్లాలి. అక్కడ ఫొటోగ్రాఫర్ వచ్చీరాగానే ఫ్లాష్ తగిలించి, మంటపం మీద ఒకటి రెండు ఫొటోలు తీసి చూసుకుని, 1/100, ఎఫ్ 5.6, ఐఎస్ఓ 800 అని ఏదో ఒకటి పెట్టేస్తాడు. అప్పగింతల దాకా పెద్దగా ముట్టుకోడు. 1/100 ఎందుకు? మన కరెంటు 50 హెర్ట్జ్. పాత చోకు ట్యూబులైట్లు సెకనుకు వందసార్లు ఎక్కి దిగుతుంటాయి, షట్టర్ అంతకన్నా వేగంగా పోతే ఒక ఫొటో పసుపుగా, ఒకటి చీకటిగా, ఒకటి చారలతో వస్తుంది. ఆయన ఇదంతా పాఠంలా చెప్పడు. "స్పీడ్ పెంచితే లైట్లు కొడతాయండీ" అంటాడు. మాన్యువల్ ఎందుకని అడిగితే, "లైటు మారట్లేదు కదా" అంటాడు. పొద్దున వరుణ్ని ఊరేగింపుగా బయటికి తీసుకెళ్లగానే, చెట్టు కింద నీడా నడిరోడ్డు మీద ఎండా మారిపోతుంటే, నిర్మొహమాటంగా డయల్ తిప్పి మిమ్మల్ని వదిలేస్తాడు. తర్వాత పులిహోర ఎక్కడ పెడుతున్నారని అడుగుతాడు.

కాబట్టి మాన్యువల్ గారూ, మా కోరికలు పెద్దవి కావు. వెలుగు నిలకడగా ఉన్నచోట, మీటరు మోసపోయే చోట తప్పకుండా రండి, లేచి నిలబడి దండం పెడతాం. కొంగ లేస్తున్నప్పుడు, మనవడు మొదటి అడుగు వేస్తున్నప్పుడు, బస్సు కిటికీలోంచి తీస్తున్నప్పుడు మాత్రం కాస్త పక్కకు తప్పుకోండి. "ఇది మాన్యువల్‌లో తీశారా?" అని ఫొటో కింద అడిగేవాళ్లు తమ భక్తులే కాబట్టి, ముందు ఫొటోలో ఏముందో చూడమని వాళ్లకు ఒక ఉత్తర్వు జారీ చేయండి. ఎలాగూ పూర్తి కంట్రోల్ తమదే కదా.

ఇట్లు,
ఎక్కువ కాలం ఏవీ మీదే గడిపే ఒక కెమెరా యజమాని

తా.క. తమరికి ఇంకో దురలవాటు ఉంది. ఒకసారి చెప్పింది మరిచిపోరు, కాలం మారిందని గమనించరు. దీపావళి రాత్రి తారాజువ్వలకు పెట్టిన ఎఫ్ 8, మూడు సెకన్లు అలాగే ఉండగా, మర్నాడు మా బావమరిది కెమెరా పట్టుకెళ్లి, పిల్లలందరినీ మేడ మీద ఎండలో వరుసగా నిలబెట్టి తీశాడు. అన్నీ తెల్ల కాగితాలే వచ్చాయి. "కెమెరా పాడైనట్టుంది బావా, టక్ మని నొక్కితే ఎప్పటికో ఇంకో టక్ అంటోంది" అని ఫోన్ చేశాడు. డయల్ ఎక్కడుందో చూడమన్నాను. "ఎం మీదే ఉంది" అన్నాడు ధైర్యంగా. పచ్చ దాని మీదకు తిప్పి తీయరా అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత గొంతు తగ్గించి, "ఇక్కడ అందరూ చూస్తున్నారు బావా" అన్నాడు.