మూత బిగించలేదని మా అమ్మను అనకండి

రాత్రి డాలస్‌లో దిగి, ఈ ఉదయం పెట్టె తెరిచేసరికి అమ్మ ఇచ్చిన ఆవకాయ నూనె రెండు పట్టుచీరలను తడిపి అడుగున మడుగు కట్టి ఉంది. సీసా పగలలేదు, మూత ఊడలేదు. అమ్మ ఆ మూతను బిగించి, టేపు చుట్టి, రెండు కవర్లలో కట్టి మరీ పంపింది. అయినా విన్న ప్రతి ఒక్కరూ ముందుగా అన్న మాట, "మూత సరిగ్గా బిగించి ఉండరు" అని. ఆ మాట విని నాకు కడుపు మండిపోయింది.

విమానం పైకి వెళ్లాక లోపలి గాలి పీడనం సుమారు 8,000 అడుగుల కొండ మీద ఉండేంతకు, అంటే నేల మీది పీడనంలో నాలుగింట మూడు వంతులకు తగ్గవచ్చు. సామాన్ల అరలోనూ దాదాపు అంతే. సీసాలో మిగిలిన గాలి మాత్రం విజయవాడలో మూత పెట్టినప్పటి ఒత్తిడితోనే ఉంటుంది కాబట్టి బయటికి తోసుకువస్తుంది. సీసా నిలబడి ఉంటే ఆ గాలే ఏ సందులోంచో పోయేది; పెట్టెలో సీసా పడుకుని ఉంటుంది కనుక మూతవైపు నూనె, దాని వెనక గాలి చేరి, వెనకున్న గాలి ముందున్న నూనెను మూత తిప్పే మరల సందుల్లోంచి నెట్టేస్తుంది. ఇందులో అమ్మ చేతుల తప్పు ఎక్కడుంది?

మన ఇళ్లలో కొత్త ఆవకాయ జాడీకి వాసెన కట్టేవారు. ఆ గుడ్డ దుమ్మును ఆపుతుంది, గాలిని పోనిస్తుంది. 1872లో హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషు ఇంజనీరు పేటెంటు పొందిన గోలీసోడా సీసాలో లోపలి గ్యాసే గోలీని మెడలోని రబ్బరు వాషరుకు అదిమి పట్టుకుంటుంది. ఒత్తిడి పెరిగే కొద్దీ మూత ఇంకా బిగుస్తుంది. ఇప్పటి కూల్‌డ్రింకు సీసా మరల్లో నిలువుగా కోసిన గాడులు కూడా, మూత పూర్తిగా రాకముందే గ్యాసు పోవడానికి పెట్టినవే. నిలవ ఉన్నకొద్దీ ఆక్సిజన్ వదిలే హైడ్రోజన్ పెరాక్సైడ్ అనే ద్రవం డబ్బాలకైతే వాయువును వదిలి ద్రవాన్ని ఆపే సన్నని పొర ఉన్న మూతలు ఉన్నాయి. మామూలు పొరను నూనె తడిపి మూసేస్తుంది కనుక పచ్చడికి నూనె అంటని పూత ఉన్న పొర కావాలి, అదీ తయారవుతోంది. ఇంత తెలిసి ఉండి కూడా, సముద్రాలు దాటే పచ్చడి సీసాకు అదే పాత రేకు మూత ఎందుకు వేస్తున్నారు?

నిరుడు మే నెలలో జరిగింది నేను ఇంకా మరిచిపోలేదు. స్నానాలగది కడిగే బ్లీచింగ్ ద్రావణం సీసా ఉబ్బి ఉంది. అమ్మ మూత తిప్పగానే అది చిమ్మి ముంజేతి మీద పడి చర్మం ఎర్రగా కందిపోయింది. ఆ ద్రావణంలోని సోడియం హైపోక్లోరైట్ నిలవ ఉన్నకొద్దీ ఆక్సిజన్ వదులుతుందని, వేడికి అది ఇంకా త్వరపడుతుందని తయారుచేసేవారికి తెలియనిది కాదు. ఫోన్ చేస్తే, చల్లని చోట పెట్టుకోవాల్సింది అన్నారు. మే నెల విజయవాడలో, రెండు గదుల ఇంట్లో, ఆ చల్లని చోటు ఎక్కడుందో వాళ్లే చెప్పాలి. ఆ రోజూ అమ్మ తప్పు తనదే అనుకుంది, ఈ ఉదయం ఫోనులో కూడా, "ఈసారి ఇంకా గట్టిగా బిగిస్తానులే, నాన్నా" అంది.