బలం వల్ల వచ్చేది వేగంలో మార్పు
వస్తువు ఎంత వేగంగా పోతుంటే దాని మీద అంత బలం పనిచేస్తున్నట్టే అని బలం గురించిన మీ వ్యాసంలో రాశారు. ఇది తప్పండి. ఫలిత బలాన్ని, అంటే వస్తువు మీది బలాలన్నీ కలిపితే మిగిలేదాన్ని బట్టి ఉండేది త్వరణం, అంటే వేగం మారే తీరు. మా కోనసీమ లంకల నుంచి అరటి గెలలు దాటించే నావనే చూడండి. రేవులోంచి కదిలించేటప్పుడు గెడ మీద ఒళ్లంతా మోపాలి. ఒకే వేగంతో సాగుతున్నప్పుడు వేసే గెడ నీటి నిరోధానికి సరిపోతుంది, ఫలిత బలం సున్నా. ఆగి ఉన్నప్పుడూ సున్నాయే కదా! ఇక ద్రవ్యరాశి సంగతి. ఖాళీ నావ మనిషితో కలిపి 200 కిలోలనుకుంటే, 100 న్యూటన్ల ఫలిత బలానికి దాని వేగం ప్రతి సెకనులోనూ సెకనుకు అర మీటరు చొప్పున పెరుగుతుంది. ఇంకో 800 కిలోల గెలలు ఎక్కిస్తే అదే బలానికి ప్రతి సెకనులోనూ పెరిగేది సెకనుకు పది సెంటీమీటర్లే. ఆపడానికీ ఇదే లెక్క, అందుకే నిండు నావకు ఒడ్డు ఇంకా దూరంగా ఉండగానే వడి తగ్గిస్తారు. న్యూటన్ 1687లో చెప్పింది కూడా చలనంలో వచ్చే మార్పు గురించే. హైస్కూలు పిల్లలు చదివే పేజీ ఇది, దయచేసి ఆ వాక్యం సరిచేయండి.