గ్రైండర్ చెప్పులు

గుంటూరు బ్రాడీపేటలో మా పాత ఇల్లు రిపేర్లు పెట్టుకున్నాం. అడ్రస్ 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు, ఇది బయటూరోళ్ళకి చెప్పీ చెప్పీ నాకు సగం ఆయుష్షు పోయింది, సరే అది వదిలేయండి. వంటింట్లో అద్దంలా మెరిసే గ్రానైట్ వేయించా, అమ్మ వద్దంటే వినకుండా. వైరింగ్ మొత్తం మార్పించా. ఏసీలు పెడతన్నాం కదాని 2 కిలోవాట్ల సింగిల్ ఫేజ్‌ని 8 కిలోవాట్ల త్రీ ఫేజ్‌కి మార్చమని అప్లై చేశా.

కరెంటోళ్ళ సారు వచ్చాడు. బోర్డు మూత తీసి అటూ ఇటూ చూసి "ఆర్‌సీసీబీ ఏదండీ?" అన్నాడు.

"ఎంసీబీలు ఉన్నయ్యిగా సార్."

"అవి లోడు ఎక్కువైతేనో షార్ట్ అయితేనో పడతయ్. మనిషికి షాక్ కొడితే పడవు. ఆర్‌సీసీబీ అయితే వెళ్ళిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు లెక్క చూసుకుంటది, 30 మిల్లీ ఆంపియర్లు తేడా వస్తే లైను కొట్టేస్తది. పెట్టించండి, మళ్ళీ వస్తా."

రేటు కనుక్కుంటే 3 వేల పైచిలుకు చెప్పాడు షాపువాడు. నాకు మండింది. ఇన్నేళ్ళూ ఫ్యూజు పోతే నాన్న వైరు ముక్కలోంచి నాలుగు రాగి పోగులు పీకి చుట్టేవాడు, ఎవరం చచ్చాం? రాత్రి రెండింటిదాకా కూర్చుని 2023 కేంద్ర విద్యుత్ భద్రతా రూల్సు మొత్తం ఫోన్లో చదివా, మా ఆవిడ ఏదో పరీక్ష రాస్తన్నాననుకుంది, చివరికి దొరికింది, 250 వోల్టులు మించకుండా 2 కిలోవాట్ల లోపు ఉంటే అక్కర్లేదంట. పసుపు రంగు పూసి స్క్రీన్‌షాట్ తీసి హాయిగా పడుకున్నా.

తెల్లారి ఆయన ముందు ఫోను పెట్టి కాలు మీద కాలేసుకుని కూర్చున్నా. ఆయన కళ్ళజోడు పెట్టుకుని నిదానంగా చదివి, "కరెక్టేనండీ. తమరు అప్లై చేసింది ఎంత?" అన్నాడు.

కాలు దించా. "8 సార్."

పెట్టించాం. ఇక మొదలైంది చూడండి, పొద్దున్నించీ మధ్యాహ్నంలోపు 11 సార్లు ఠప్ ఠప్‌మని పడిపోయింది. మా ఎలక్ట్రీషియన్ కుర్రాడు "డిఫెక్ట్ పీసన్నా" అన్నాడు, ఆ మాట కోసమే కాచుక్కూర్చున్నానేమో, వెంటనే సారుకి ఫోన్ కొట్టి రమ్మన్నా. ఆయన వచ్చి అన్ని స్విచ్‌లూ ఆపించి ఒక్కొక్కటే వేయించాడు. ఫ్యాన్లు, ఏం కాలేదు. ఫ్రిజ్, ఏం కాలేదు. అమ్మ గ్రైండర్ వేసింది. ఠప్.

"అమ్మగారూ, ఇది ముట్టుకుంటే ఎప్పుడన్నా జివ్వుమంటదా?"

"ఎందుకుమంటదీ, చెప్పులేసుకుంటాగా" అంది అమ్మ, గ్రైండర్ పక్కన ఉన్న నీలం రబ్బరు చెప్పులు చూపిస్తా.

నిజంగా అప్పటిదాకా నాకు తట్టనే లేదు. ఆ చెప్పులు మా ఇంట్లో గ్రైండర్‌కి అత్తారిచ్చిన కట్నంలాంటివి, బాత్రూమ్‌కి కూడా ఎవరూ తొడుక్కెళ్ళకూడదు, నా పెళ్ళైన కొత్తల్లో మా ఆవిడకి అత్తగారు నేర్పిన మొదటి వంట విద్య కూడా అదే, "పిండి తీసేటప్పుడు చెప్పులమ్మా". అల్లుడొచ్చినా కోడలొచ్చినా అందరం చెప్పులేసుకుని ఇడ్లీలు తిన్నాం, షాక్ కొడతందని ఒక్కళ్ళం అనలేదు, "కొంచెం లాగుద్ది" అనేవాళ్ళం. పాత సాకెట్లో ఆ పైన పెద్ద బొక్క ఉంటదే, ఎర్త్‌ది, దాని వెనకాల వైరే లేదంట, ఉత్త అందానికి. లీకైన కరెంటంతా గ్రైండర్ బాడీలోనే కూర్చునుండేది. ఇప్పుడు ఎర్త్ వైరు వచ్చింది కాబట్టి స్విచ్ వేయగానే దాంట్లోంచి భూమిలోకి దిగిపోతంది, తిరిగొచ్చే లెక్క తగ్గేసరికి ఆర్‌సీసీబీ పట్టేసుకుంటంది.

సారు నన్నొక్క మాటా అన్లేదు. కాఫీ తాగి, నా ఫోను వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయాడు, అది ఇంకా ఘోరం.

మోటారు రివైండింగ్ చేయించా. నిన్న అమ్మ మినప్పిండి వేసింది, ఠప్ లేదు ఏం లేదు. చూస్తే కాళ్ళకి అవే నీలం చెప్పులు.

"ఇంకెందుకే అమ్మా అవి, షాక్ కొట్టదు."

"షాక్ కోసం ఎవరేసుకున్నార్రా. నీ గ్రానైటు జారి చస్తంది."