చదరపు అడుగు లెక్కన ప్రవర్తనా శాస్త్రం

1973లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతిని ముగ్గురు పంచుకున్నారు. కార్ల్ ఫాన్ ఫ్రిష్, కొన్రాడ్ లోరెంజ్, నికో టిన్‌బెర్గెన్. తేనెటీగల వెంట, బాతుల వెంట, చేపల వెంట ఏండ్ల తరబడి తిరిగి, ఏ ప్రాణి దేన్ని చూస్తే ఏం చేస్తుందో రాసిపెట్టినందుకు వాళ్లకు ఆ గౌరవం దక్కింది. నోబెల్ నిబంధనల ప్రకారం ఒక బహుమతిని ముగ్గురికి మించి పంచకూడదు. ఆ నిబంధనే లేకపోతే నాలుగో వాటా దేవరకొండలో ఫ్లెక్సీలు కొట్టే మా తమ్మునికి రావలసింది. ఆయన అప్పటికి పుట్టలేదన్న చిన్న సాంకేతిక కారణం తప్ప మరే అభ్యంతరమూ నాకు కనిపించడం లేదని సవినయంగా మనవి చేస్తున్నాను.

ఆ తమ్ముని షాపు షట్టరు ఎప్పుడూ సగం దించే ఉంటుంది, లోపలికి వంగి పోవాలి. గోడ పొడుగునా మిషను, దాని మీద అటూ ఇటూ గీకుతూ తిరిగే ప్రింటు హెడ్డు, ముక్కు పగిలే ఇంకు వాసన, మూలన రింగులు కొట్టే సుత్తె. వచ్చే ఆర్డర్లు ముఖ్యంగా రెండు రకాలు. కోతులను బెదిరించేందుకు కొండెంగ (కొండముచ్చు) బొమ్మ ఒకటి. మనుషులను మెప్పించేందుకు లీడర్ బొమ్మ ఇంకొకటి. రెండింటికీ అదే మిషను, అదే ఇంకు, చదరపు అడుగుకు అదే రేటు. ఒక్కో రాత్రి ఒకే రోల్ మీద ముందు కొండెంగ తోక, దాని వెనకాలే మండల నాయకుని జుట్టు బయటికి వస్తాయి. మధ్యలో కత్తెర పడేదాకా అది ఒకే కళాఖండం.

కోతి గురించి నల్లగొండ బత్తాయి రైతుకూ పాలమూరు పల్లి రైతుకూ ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. పచ్చి బత్తాయి తెంపుతుంది, కొరుకుతుంది, పుల్లగా ఉందని పారేస్తుంది. పక్క కాయ తియ్యగా ఉంటుందేమోనన్న ఆశ దానికి చావదు. చెట్టు ఖాళీ అయ్యేదాకా ఆ పరిశోధన సాగుతూనే ఉంటుంది. పల్లి చేను అయితే మరీ సులువు, చెట్టు పీకి చూడటమే. కొండెంగ కనిపిస్తే కోతి ఉరుకుతుందని జనం నమ్మకం. నిజం కొండెంగను తెచ్చి కట్టేసుకుందామంటే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పదు. బొమ్మను కట్టుకుంటే ఏ చట్టమూ అడగదు. ఆ విధంగా మన ప్రాంత వ్యవసాయంలోకి చిత్రకళ ప్రవేశించింది.

ఒకనాడు తమ్ముడు కొండెంగ కండ్లకు ఎర్ర రంగు దిద్దుతుంటే ఉండబట్టలేక అడిగాను.

"కొండెంగకు ఎర్ర కండ్లు ఉండయి కదా తమ్మీ?"

"ఉండయి సార్. కోతి దగ్గరికొచ్చి చూసుకుంట కూసుంటదా, ఉరుకుతది గని."

ఈ ఒక్క ముక్క తేల్చడానికి టిన్‌బెర్గెన్ ఎన్ని తంటాలు పడ్డాడో చూడండి. స్టికిల్‌బ్యాక్ అనే చిన్న చేప ఉంది. గుడ్లు పెట్టే కాలంలో మగ చేపకు పొట్ట ఎర్రబడుతుంది, ఇంకో ఎర్ర పొట్ట కనబడితే మీద పడి కొడుతుంది. ఆయన అచ్చం చేపలాగే ఉండే బొమ్మ చేసి ఎరుపు వేయకుండా నీళ్లలో పెడితే అది పెద్దగా పట్టించుకోలేదు. చేప పోలికే లేని మొరటు ముక్కకు కింద ఎర్ర రంగు పూసి పెడితే యుద్ధానికి దిగింది. కిటికీ అవతల ఎర్ర రంగు తపాలా బండి పోతుంటే తొట్టిలో నుంచే దాని మీదికి ఎగబడిందట. అంతేకాదు, గల్ అనే సముద్రపక్షి పిల్లలు తల్లి ముక్కు మీది ఎర్రచుక్కను పొడిచి తిండి అడుగుతాయి. తల్లి తలకాయను పోలిన బొమ్మ కంటే, తెల్ల పట్టీలు గీసిన ఎర్ర పుల్లనే ఎక్కువ పొడిచాయి. తల్లి అక్కర్లేదు, తల్లి గుర్తు ఉంటే చాలు, అదీ అసలు తల్లికంటే కొట్టొచ్చినట్టు ఉండాలి.

ఇక ఫ్లెక్సీ వైపు తలెత్తి చూడండి. అందులో ఉన్నాయన రోజూ మన హోటల్లో చాయ్ తాగే మనిషే. అక్కడ ఆయన రంగు వేరు. ఇక్కడ పాలలో ముంచి తీసినట్టు ఉన్నాడు. మీసం నల్లగా నిగనిగలాడుతోంది, వెనక సూర్యుడు ఉదయిస్తున్నాడు, పక్కన సింహం నోరు తెరిచింది. మనిషి అక్కర్లేదు, మీసం, తెల్లచొక్కా, ఎత్తిన చెయ్యి ఉంటే చాలు. టిన్‌బెర్గెన్ పుల్లకు గీసిన తెల్ల పట్టీలనే మా తమ్ముడు ఇస్త్రీ మడతలుగా వేస్తాడు. జనం పొడుస్తారు. కొందరు వేలితో బటన్ మీద, మిగతావాళ్లు మాటలతో.

అయితే శాస్త్రంలో ఒక చిక్కుంది. కొండెంగ ఫ్లెక్సీ కట్టిన మొదట్లో కోతులు తోట దరిదాపులకు రావు. రైతు సంబరపడి పక్క రైతుకు చెబుతాడు, పక్క రైతు కూడా ఆర్డరిస్తాడు. అది అతని తోటకు చేరేలోపే మొదటి తోటలో పిల్లకోతి కొండెంగ భుజమ్మీద కూర్చుని బత్తాయి ఒలుచుకుంటూ ఉంటుంది. దీనికీ జవాబు ఉంది. 1930లలో లోరెంజ్, టిన్‌బెర్గెన్ కలిసి అట్టతో ఒక పక్షి ఆకారం కత్తిరించి పక్షిపిల్లల నెత్తిమీదుగా తాడు మీద లాగారు. ఒక దిక్కుకు లాగితే పొట్టి మెడ గద్దలా కనిపిస్తుంది, వెనక్కి లాగితే పొడుగు మెడ బాతులా కనిపిస్తుంది. గద్దకు భయపడ్డాయి, బాతుకు భయపడలేదు. గద్ద భయం పుట్టుకతోనే వస్తుందని చాలాకాలం అనుకున్నారు. తర్వాత ష్లైట్ అనే ఆయన మళ్లీ పరీక్షించి అసలు సంగతి తేల్చాడు. ఆకారం ఏదైనా సరే, రోజూ చూసేదానికి భయం పోతుంది, ఎప్పుడో ఒకసారి కనిపించేదానికి నిలుస్తుంది.

మన ఓటర్లు ఈ సూత్రాన్ని ఇంకా పూర్తిగా వంటబట్టించుకోలేదని నా అభిప్రాయం. ఐదేండ్లకోసారి నెత్తిమీదుగా వచ్చిపోయే ఆకారానికి కోడిపిల్ల అయినా రెక్కల కిందికి దూరుతుంది. మనం మాత్రం డప్పు కొట్టి మంగళహారతి పడతాం.

ఈ రెండు ఫ్లెక్సీలకూ ఇంకో తేడా ఉంది. కొండెంగ పని అయిపోతే చినిగి పోతుంది. లీడర్ పని అయిపోయాక అసలు సేవ మొదలవుతుంది. వడ్లు కొనే ఐకేపీ సెంటర్లో కుప్ప మీద కప్పుతారు, మేకల కొట్టానికి పైకప్పు చేస్తారు, చాయ్ బండికి ఎండ తగలకుండా కడతారు. తెలిసిన రైతు ఒకాయన కొండెంగ పారకపోయేసరికి విసుగొచ్చి, ఇంట్లో ఉన్న పాత లీడర్ ఫ్లెక్సీని తోటలో కట్టి చూశాడు. కోతులు ఉరకలేదు, దాని కింద నీడకు కూర్చున్నాయి. ఆ నాయకుని వల్ల మా ఊరికి జరిగిన మేలు లెక్కగట్టాలంటే ఇది తప్పక రాసుకోవాలి.

ఇప్పుడు అసలైన పరిశోధన గురించి చెప్పాలి. నార్వేకు చెందిన షెల్డెరుప్-ఎబ్బే చిన్నప్పటి నుంచి కోళ్లను చూస్తూ పెరిగాడు. ఏ కోడి ఏ కోడిని పొడవొచ్చు, ఏది ఎవరి చేత పొడిపించుకోవాలి అన్న వరుస ప్రతి గంపలోనూ ఉంటుందని 1921లో ప్రకటించాడు. పాపం, ఆయన కోళ్ల దగ్గరే ఆగిపోయాడు. ఒక్క ఫ్లెక్సీ చూసి ఉంటే పని ఒక పూటలో తేలేది. పైన గుండ్రంగా ఢిల్లీ తలలు, కింద హైదరాబాద్ తల, దాని కింద నిలువెత్తు ఎమ్మెల్యే, ఆ మోకాలి దగ్గర మండల అధ్యక్షుడు, అడుగున తపాలా బిళ్లల వరసలో "ఇట్లు మీ" బృందం. అమ్రాబాద్ అడవిలో కెమెరాలు పెట్టి పులులను చారల బట్టి గుర్తుపడతారు, ఏ రెండు పులుల చారలూ ఒకటి కావు కాబట్టి. ఈ అడుగు వరసలో ఆ సౌకర్యం లేదు. అందరిదీ తెల్లచొక్కానే, అందరి జేబులోనూ పెన్నే.

ఆ వరసలో ఎవరు ఎంత పెద్దగా ఉండాలో తేల్చే ఘట్టం ఎప్పుడైనా చూశారా? రాత్రి పది దాటాక షాపుకు పోండి. ఆర్డరిచ్చిన అన్న కుర్చీలో కూర్చుని స్క్రీన్ వైపు చూస్తుంటాడు. తమ్ముడు మౌస్‌తో అన్న ఫోటో మూలను పట్టుకుని మెల్లగా లాగుతుంటాడు. గమనించండి, తమ్ముడు స్క్రీన్ చూడడు, అన్న ముఖం చూస్తుంటాడు. ఫోటో పెరుగుతుంటే అన్న కనుబొమలు దగ్గరికి వస్తాయి, మెడ ముందుకు సాగుతుంది, ఊపిరి నిలబడుతుంది. ఎక్కడో ఒకచోట భుజాలు ఓ బియ్యపు గింజంత కిందికి దిగుతాయి. మౌస్ అక్కడ ఆగుతుంది.

"సరిపోయిందా అన్నా?"

"నాదేముంది తమ్మీ, మనకు ప్రచారం ఇష్టముండదు. నీకు ఎట్ల మంచిగనిపిస్తే అట్ల పెట్టు."

బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం ఉండేది. దాని యజమాని ఫాన్ ఓస్టెన్ రిటైరైన లెక్కల సారు. కూడిక చెబితే గిట్టతో నేల మీద తట్టి జవాబు చెప్పేది, పండితులు నోరు తెరిచి చూశారు. 1907లో ఆస్కర్ ఫుంగ్‌స్ట్ గుట్టు విప్పాడు. దానికి లెక్కలు రావు. సరైన అంకె దగ్గరికి రాగానే అడిగిన మనిషి తనకే తెలియకుండా తల రవ్వంత కదిలిస్తాడు, గుర్రం దాన్ని పట్టుకుని తట్టడం ఆపుతుంది. అడిగినవానికే జవాబు తెలియకపోతే గుర్రానికీ తెలియదు. మన గంగిరెద్దులవాళ్లు ఈ వార్త వింటే "ఇందుల వింతేముంది అయ్యగారూ" అని సన్నాయి ఊదుకుంటూ పక్కింటికి పోతారు. ఫుంగ్‌స్ట్‌కు గుర్రం ఒక్కటే దొరికింది, తమ్ముని కుర్చీలో రోజుకొకరు కూర్చుంటారు.

చిత్రకళ అన్నాను కాబట్టి కాంగో గురించి చెప్పకపోతే అన్యాయం అవుతుంది. కాంగో చింపాంజీ. డెస్మండ్ మోరిస్ అనే జంతుశాస్త్రవేత్త, తానూ చిత్రకారుడే, దాని చేతికి కుంచె ఇచ్చాడు. 1957లో లండన్‌లో ప్రదర్శన పెట్టారు. 2005లో మూడు బొమ్మలు కలిపి వేలంలో 14,400 పౌండ్లు పలికాయి. మొత్తం సంగతిలో నన్ను కదిలించింది ధర కాదు. బొమ్మ మధ్యలో లాక్కుంటే కాంగో అల్లరి చేసేదట, పూర్తయిందని దానికి అనిపించాక ఎంత బతిమిలాడినా ఇంకో గీత గీసేది కాదట. మా తమ్ముని కస్టమర్లలో ఈ స్థాయికి చేరినవాడు ఇంతవరకు తగల్లేదు. మిషను సగం ప్రింటు తీశాక ఫోన్ వస్తుంది. "అన్నా, మా బామ్మర్ది ఫోటో ఒక్కటి ఇరికియ్యి. వాడు శాన బాధపడుతున్నడు."

కోతుల విషయంలో మాత్రం కళ ముందుకే పోతోంది. 2022లో సిద్దిపేట జిల్లాలో ఒక రైతు రోజుకు 500 రూపాయలిచ్చి ఒక మనిషికి ఎలుగుబంటి వేషం వేయించి చేన్లో తిప్పాడని పేపర్లలో వచ్చింది. పీర్ల పండుగకు పులి వేషం కట్టే కళాకారులు మన దగ్గర ఇంకా ఉన్నారు. ఏడాదికోసారి డప్పు ముందు ఆడే బదులు ఏడాది పొడుగునా పల్లి చేను ముందు ఆడవచ్చు. కళకు ఆదరణ లేదని వాపోయే పెద్దలు దీని మీద ఒక తీర్మానం చేస్తే బాగుంటుంది. ప్రేక్షకులు తోకలతో ఉంటారన్న ఒక్క ఇబ్బందే తప్ప, మధ్యలో ఫోన్ చూసుకోరన్న సుగుణం కూడా ఉంది.

ఇంతలో మొన్న తమ్ముని షాపుకు కొత్తరకం ఆర్డర్ వచ్చింది. సర్పంచ్‌కు పోటీ చేసిన అన్న ఒకరు కోతులను వెళ్లగొడతానని ఊరికి మాట ఇచ్చారు, గెలిచారు. ఖర్చు కలిసి వస్తుందని రెండు ఫ్లెక్సీలను ఒకటి చేయమన్నారు. అందులో అన్న ఉండాలి, కొండెంగ ఉండాలి, పెద్దలందరూ ఉండాలి, ఊరి మొదట్లో కట్టాలి. మనుషులు మెచ్చాలి, కోతులు ఉరకాలి.

శాస్త్రానికి ఇది అగ్నిపరీక్ష. కొండెంగ చిన్నగా ఉంటే కోతికి కనిపించదు. పెద్దగా ఉంటే అన్న కనిపించడు. తమ్ముడు మౌస్ పట్టుకుని చాలాసేపు అన్న భుజాలను గమనించాడు. చివరికి కొండెంగ తల మండల అధ్యక్షుని కంటే చిన్నగా, వార్డు మెంబరు కంటే పెద్దగా కుదిరింది. రింగులు కొట్టడం కూడా అయిపోయాక వార్డు మెంబరు షట్టరు కిందుగా వంగి లోపలికి వచ్చి చూశాడు.

"ఏందిరా ఇది? నన్ను కొండెంగ కింద పెడ్తివా?"

"అన్నా, దాన్ని కిందికి తెస్తే కోతులు భయపడయి."

"మరి నన్ను పైకి తేరాదు?"

"తేవచ్చన్నా. గని నీకు సుత కండ్లకు ఎర్రరంగు పెట్టాల్సొస్తది."

వార్డు మెంబరు కాసేపు ఆలోచించి, మీసం కూడా కొంచెం పెంచమన్నాడు.