‘మీ కోసమే’ వరుస గారికి హనుమకొండ నుంచి ఒక జాబు

మహారాజశ్రీ ‘మీ కోసమే’ వరుస గారి సముఖమునకు, హనుమకొండ నుంచి ఒక చందాదారుడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

మొన్న ఆదివారం రాత్రి తొమ్మిదికి అన్నం పళ్లాలు పట్టుకుని, టీవీలో సినిమాల యాప్ తెరవగానే మాకు నచ్చుతాయంటూ సినిమా బొమ్మలు పేర్చి చూపే మీ ముందు కూర్చున్నాం. తొమ్మిదీ నలభైకి పళ్లాలు కడిగి బోర్లించాం. ఈ మధ్యలో సినిమా ఏదీ మొదలు కాలేదు. మీ బంధువర్గంలో పెద్దదైన నెట్‌ఫ్లిక్స్ అధికారులు 2015లో ఒక పత్రం రాశారు. మనిషి పది ఇరవై పేర్లు చూసేసరికి, 60 నుంచి 90 సెకన్లలో ఆసక్తి పోతుందట. వారు మా అమ్మను చూడలేదు.

వేసవి సెలవుల్లో మా మేనకోడలు వచ్చి నాలుగు రోజులు కుందేలు బొమ్మల సినిమాలు చూసి వెళ్లింది. దసరా దాటినా మీరు మాకు కుందేళ్లనే వడ్డిస్తున్నారు. ఎప్పుడో పన్నెండు నిమిషాలు చూసి నిద్రపోయిన ఒక యుద్ధం సినిమా ‘మళ్లీ కొనసాగించండి’ అంటూ ఇంకా అక్కడే వేలాడుతోంది. ఈలోగా మేడారం జాతర రెండుసార్లు వచ్చి వెళ్లింది. పోనీ వెతుక్కుందామంటే, రిమోటు బాణంతో తెలుగు పేరును ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కొక్కటిగా ఏరుకోవాలి. ‘శ్రీ’లో ఎస్ పక్కన హెచ్ ఉందా, చివర ఐ పెట్టాలా, రెండు ఈలు పెట్టాలా? సినిమా తీసినవారు ఎలా రాసుకున్నారో ఊహించినవాడికే దర్శనం.

మీ వంశం వారు ఈ విద్య కోసం తక్కువ కష్టపడలేదని ఒప్పుకుంటాను. ఏ వీక్షకుడు ఏ సినిమాకు ఎన్ని చుక్కలు (స్టార్లు) ఇస్తాడో తమకంటే పది శాతం మెరుగ్గా చెప్పినవారికి పది లక్షల డాలర్లు ఇస్తామని నెట్‌ఫ్లిక్స్ 2006లో పోటీ పెట్టింది. 2009లో ఒక బృందం గెలిచి డబ్బు పట్టుకెళ్లింది. అంత పెద్ద లెక్కను నడపడానికయ్యే శ్రమకు తగ్గ లాభం లేదని గెలిచిన లెక్కను పూర్తిగా వాడనే లేదు. 2017లో చుక్కలనే ఎత్తేసి, నచ్చితే పైకి, నచ్చకపోతే కిందికి చూపే బొటనవేలు పెట్టారు.

ఆ పది లక్షల్లో పది రూపాయలు మా వీధి మలుపులోని వీడియో క్యాసెట్ల షాపాయనకు ఇచ్చి ఉంటే సరిపోయేది. తొంభైలలో ఆయన దగ్గర రెండు చెక్క అలమరలు, ఒక నోటు పుస్తకం ఉండేవి. క్యాసెట్ అడిగితే ముందు ఒకటే ప్రశ్న: “ఇంట్లో ఎవరెవరు చూస్తారు?” నాయనమ్మ కూడా ఉందంటే, చేతిలోకి తీసిన క్యాసెట్‌ను వెనక్కి పెట్టేసేవాడు. “ఇది వద్దు, రెండో సగం ఏడుపే” అని వచ్చే బేరం వదులుకునేవాడు. మీరు ఇన్నేళ్లలో ఒక్కసారైనా ఒక్క సినిమానైనా వద్దన్నారా? అన్నీ నాకు తొంభై ఏడు శాతం సరిపోతాయని అంటారు. పెళ్లిళ్ల పేరయ్య కూడా అంత ధైర్యం చేయడు.

అసలు ఈ జాబుకు కారణం జమ్మికుంటలోని మా చిన్నమ్మ. ఆ ఆదివారమే అమ్మకు ఫోను చేసి, “అక్కా, మంచి సినిమా. పేరు గుర్తులేదు కానీ, బొమ్మ మీద ముసలాయన గొడుగు పట్టుకుని చెరువు గట్టు మీద నిలబడి ఉంటాడు, మీ టీవీలో కూడా అదే యాప్ కదా, చూడండి” అంది. మేము గొడుగు కోసం వరుస తర్వాత వరుస దిగాం. అమ్మ కళ్లజోడు తెచ్చుకుని తెర దగ్గరికి వెళ్లి నిలబడింది. తుపాకులు కనిపించాయి, కుందేళ్లు కనిపించాయి, గొడుగు లేదు.

మా అబ్బాయి చెబితే తెలిసింది. ఒకే సినిమాకు మీరు ఇంటికో బొమ్మ అతికిస్తారట. మావాడు పోలీసు సినిమాలు చూస్తాడు కాబట్టి అదే సినిమాలో అరనిమిషం కనిపించే ఎస్సైని మా ఇంట్లో అట్ట మీదికి ఎక్కించి ఉంటారట. అంటే ఆ రాత్రి దాని మీదుగా ఎన్నిసార్లు దాటిపోయామో! వెనకటికి సినిమా వస్తే వరంగల్ చౌరస్తాలో ఒక గోడ మీద ఒకే పోస్టరు ఉండేది, బస్సులో వెళ్లేవారందరూ దాన్నే చూసేవారు. ‘ఆ గొడుగు సినిమా’ అంటే ఊరంతటికీ అర్థమయ్యేది. మీరు ఎవరి గోడ వారికి కట్టించి, నడుమ సందు లేకుండా చేశారు. ఒకరికొకరం చెప్పుకుంటే మీ అవసరం ఉండదని భయమా?

మళ్లీ ఫోను చేసి పేరు కనుక్కుని చెప్పమంటే చిన్నమ్మ, “పేరు ఇంగ్లీషులో ఉంది, నేను చదవలేదు. బొమ్మ చూసి నొక్కాను” అంది.

వచ్చే ఆదివారం అమ్మా నేనూ కాజీపేటలో రైలెక్కి జమ్మికుంట వెళుతున్నాం. సినిమా అక్కడ ఉందట.

ఇట్లు,
నెల తప్పకుండా చందా కట్టే మీ విధేయుడు